డెల్టా రోడ్ల మీద మొదటి తరం ఆడి క్యూ7: కొనే ముందు చూడాల్సినవి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఇప్పుడు మంచి కండిషన్లో ఉన్న పాత ఇన్నోవాకి పెట్టే డబ్బుకి కాస్త అటూఇటూగా మొదటి తరం ఆడి క్యూ7 వచ్చేస్తోంది. రొయ్య రేటు బాగున్న రోజుల్లో కొత్తది కొన్నవాళ్లు మారుస్తున్నారు. హైదరాబాద్ నుంచి బ్రోకర్లు తెచ్చి పెడుతున్నవీ ఉన్నాయి. ఐదు మీటర్ల బండి, ముందు నాలుగు రింగులు, ఇంజిన్ స్టార్ట్ చేస్తే వీ6 డీజిల్ చప్పుడు. బేరం త్వరగానే తెగుతుంది. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. అది ఎక్కడెక్కడ వస్తుందో ఊహించాలంటే ఈ బండిని ఏ పనికోసం తయారుచేశారో ముందు తెలియాలి. కింద రాసిందంతా 2005లో బయటికొచ్చి 2015 దాకా నడిచిన మోడల్ గురించి. 2015లో వచ్చిన రెండో తరం వేరే ప్లాట్‌ఫాం మీద కట్టింది, బరువు కూడా 325 కిలోల దాకా తగ్గింది. దానికి ఇవేవీ వర్తింపజేసుకోవద్దు.

క్యూ7 ఆడి పేరు మీద వచ్చిన మొదటి ఎస్‌యూవీ. అంతకుముందు వాళ్లకి జీపులు తెలియవని కాదు. ఆడికి తల్లి కంపెనీ అనదగ్గ ఆటో యూనియన్ 1956 నుంచి 1968 దాకా డీకేడబ్ల్యూ పేరుతో ముంగా అనే మిలిటరీ జీపు తయారుచేసింది. మూడు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజిన్, నాలుగు చక్రాలకీ డ్రైవ్. తర్వాత 1970ల్లో ఇంగోల్‌స్టాట్‌లోని ఆడి ఇంజినీర్లే ఫోక్స్‌వాగన్ కోసం ఇల్టిస్ అనే మరో మిలిటరీ జీపు తయారుచేశారు. 1977 చలికాలంలో ఫిన్లాండ్ మంచులో టెస్టులు జరుగుతున్నప్పుడు 75 హార్స్‌పవర్ ఇల్టిస్, దానికంటే ఎంతో బలమైన ఆడి కార్లని వెనకేసి పోయింది. చాసిస్ ఇంజినీరు యోర్గ్ బెన్సింగర్ అది చూసి, ఈ నాలుగు చక్రాల డ్రైవ్‌ని మామూలు కారులో పెడదామని ఆడి సాంకేతిక విభాగం చూసే ఫెర్డినాండ్ పీయెక్‌కి చెప్పాడు. 1980లో జెనీవా షోలో వచ్చిన క్వాట్రో కారు అలా పుట్టింది. అదే ఏడాది పారిస్-డకార్ ర్యాలీ గెలిచింది కూడా ఇల్టిస్సే.

జీపులోంచి కారు తీసిన కంపెనీ, పాతికేళ్ల తర్వాత కారులోంచి ఎస్‌యూవీ తీసింది. క్యూ7లో మంచీ చెడూ రెండూ అక్కడినుంచే వచ్చాయి. మెర్సిడెస్ ఎంఎల్ 1997లో, బీఎండబ్ల్యూ ఎక్స్5 1999లో వచ్చేశాయి. ఆడి మాత్రం పొడవైన డిక్కీ ఉండే ఎస్టేట్ కారుకి ఎయిర్ సస్పెన్షన్ పెట్టి ఆల్‌రోడ్ క్వాట్రో అని అమ్ముకుంటూ కూర్చుంది. 2003 జనవరిలో డెట్రాయిట్ షోలో పైక్స్ పీక్ క్వాట్రో అనే కాన్సెప్ట్, అంటే నమూనా బండి, చూపించింది. అమెరికాలో కొలరాడో కొండ ఎక్కే రేసు పేరది. దాన్ని 1985లో మిషెల్ మూటోన్, 1986లో బాబీ అన్సర్, 1987లో వాల్టర్ రోల్ ఆడి క్వాట్రోలతోనే గెలిచారు. 2005 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో అసలు బండి క్యూ7 పేరుతో దిగింది. ఆ కాన్సెప్ట్‌కి పేరు పెట్టిన తీరులోనే వాళ్ల ఉద్దేశం కనిపిస్తుంది. తలుచుకున్నది తారురోడ్డు మీద, గులక రోడ్డు మీద వేగంగా పోయే రేసుని. బురదలో దిగే జీపుని కాదు.

అడుగు భాగం మాత్రం ఫోక్స్‌వాగన్ టూరెగ్, పోర్షే కయెన్‌లతో ఉమ్మడి. ఆ రెండూ 2002లో వచ్చాయి. క్యూ7ని కట్టింది స్లొవేకియాలోని బ్రాటిస్లావా ఫ్యాక్టరీలో, టూరెగ్ పక్కనే. మూడో వరుస సీట్లు పట్టాలని చక్రాల మధ్య దూరాన్ని టూరెగ్‌లోని 2,855 మిల్లీమీటర్ల నుంచి 3,002కి సాగదీశారు. టూరెగ్‌లో బురదలో నెమ్మదిగా, గట్టిగా లాగడానికి ఉన్న లో రేంజ్ గేరుని తీసేశారు. దాని బదులు ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే, కార్లలో వాడే టోర్సెన్ సెంటర్ డిఫరెన్షియల్ పెట్టారు. మామూలుగా ముందుకి 40, వెనక్కి 60 శాతం శక్తి పంపుతుంది. చేలగట్టు మీద పెద్ద కారుగా తిరుగుతుంది తప్ప చేలో దిగే బండి కాదు. కొనేవాళ్లు మొదట జీర్ణించుకోవాల్సింది ఇదే.

ముందు కొలతలు. పొడవు 5,086 మి.మీ., వెడల్పు 1,983. అద్దాలు కలిపితే రెండు మీటర్లు దాటిపోతుంది. తిరగడానికి 12 మీటర్ల చోటు కావాలి. రావులపాలెం నుంచి రాజమండ్రి వైపు నాలుగు వరసల హైవే మీద ఇది అసలు లెక్కే కాదు. సిద్ధాంతం వంతెన దాటి తణుకు వైపు వెళ్లేటప్పుడు 500 న్యూటన్ మీటర్ల టార్క్ ఎంత తేలిగ్గా లాగుతుందో నడిపితేనే తెలుస్తుంది. లోపల శబ్దం రాదు, ఒళ్లు అలవదు. ఈ పని కోసం కొంటే ఈ ధరలో దీనికి సాటి లేదని ధైర్యంగా చెప్పొచ్చు. 216 జాతీయ రహదారి మీద దిండి, చించినాడ వైపు కూడా బాగానే ఉంటుంది. ఆ రోడ్డు దిగి కాలవ గట్టు ఎక్కితే పరిస్థితి మారుతుంది. పల్లెటూరి తారు మూడు మీటర్ల వెడల్పే ఉంటుంది. ఎదురుగా మేత లారీయో కొబ్బరికాయల ట్రాక్టరో వస్తే రెండు చక్రాలు మార్జిన్లోకి దింపాల్సిందే. మార్జిన్ అంతా ఒండ్రు మట్టి, వాన పడితే గట్టితనం ఉండదు. 2,300 కిలోల దగ్గర తూగే బండి ఎడమ చక్రం కాలవ వైపు జారితే ఎలక్ట్రానిక్స్ ఏం చేస్తాయి? రెండు వైపుల చక్రాలనీ కలిపి తిప్పించే డిఫరెన్షియల్ లాకులు ఈ బండిలో లేవు. గాల్లో తిరిగే చక్రానికి బ్రేకు వేసి శక్తిని అవతలి చక్రానికి మళ్లిస్తుంది, అంతే. నున్నటి రోడ్డు టైర్లలోకి మట్టి మెత్తుకుపోయాక ఆ మళ్లింపు వల్ల లాభం లేదు. వెనక చక్రాలు గొయ్యి తవ్వుకుంటాయి. అప్పుడు చేయాల్సిందల్లా యాక్సిలరేటర్ వదిలేసి ట్రాక్టర్‌ని పిలవడమే. తాడు కట్టేది సస్పెన్షన్ ఆర్మ్‌కి కాదు. టూల్ కిట్‌లో లాగే కొక్కెం ఉంటుంది, బంపర్లో చిన్న మూత తీసి బిగించాలి. కొనేటప్పుడు ఆ కొక్కెం ఉందో లేదో చూడండి. సగం బండ్లలో ఉండదు.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక వస్తే, కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వేలు మునగడం ప్రతి వరదకీ చూస్తున్నదే. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న క్యూ7ని పైకెత్తితే నేలకీ అడుగుకీ మధ్య 240 మి.మీ. దాకా వస్తుంది. సుమారు అర మీటరు నీళ్లలో పోగలదు. అయితే ఆ లెక్క నిలిచిన నీటికి, నెమ్మదిగా నడిపినప్పటికి. పారే నీటిలో ఆ అర మీటరుని నమ్ముకుంటే బండి కొట్టుకుపోతుంది. రోడ్డు మీద మోకాలి కింద వరకే నిలిచి ఉన్నా, ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే లేచే అల బానెట్ దాకా కొడుతుంది. డీజిల్ ఇంజిన్ గాలితోపాటు నీళ్లు మింగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టకూడదు. ఆ ఒక్క నొక్కుడుతో కొన్ని వేల ఖర్చు లక్షలకి చేరుతుంది.

దీనిలో ఇంకో చిక్కు బ్యాటరీ. అది బానెట్ కింద లేదు, ముందు సీటు కింద నేలమీద ఉంటుంది. పక్కనే తివాచీ కింద వైర్ల కట్టలు పోతుంటాయి. జర్మనీలో బరువు సర్దుబాటుకి ఇది బాగానే ఉంటుంది. డోరు గుమ్మం మీదుగా నీళ్లు లోపలికి వస్తే మాత్రం మొదట తడిసేది అదే. వరద రాకపోయినా నీళ్లు రావడానికి ఇంకో దారుంది. పైన పెద్ద గాజు సన్‌రూఫ్, దాని అంచుల్లో పడ్డ వాన నీళ్లు సన్నటి గొట్టాల ద్వారా కింద బయటికి పోవాలి. కొబ్బరి చెట్టు కిందో నిద్రగన్నేరు కిందో పెట్టే బండికి ఒకట్రెండు సీజన్లలో ఆ గొట్టాలు పూడుకుపోతాయి. విండ్‌షీల్డ్ కింద వైపర్లున్న తొట్టి పరిస్థితీ అంతే. నీళ్లు పిల్లర్ వెంబడి దిగి తివాచీ కింద స్పాంజిలోకి చేరతాయి. పైన పొడిగానే ఉంటుంది. వారం తర్వాత డోర్లు వాటంతటవే లాక్ అవడం, బ్యాటరీ రాత్రికి రాత్రి దిగిపోవడం, ఎవరికీ అంతుపట్టని ఫాల్ట్ కోడ్‌లు మొదలవుతాయి. మెకానిక్ మాడ్యూల్ మార్చాలంటాడు. మాడ్యూల్ మార్చే ముందు తివాచీ ఎత్తి స్పాంజి నొక్కి చూడమనండి.

సన్‌రూఫ్ పరీక్ష తేలిక. తెరిచి, ముందు మూలల్లో ఉన్న రంధ్రంలో గ్లాసు నీళ్లు నెమ్మదిగా పోయాలి. బండి కింద అదే వైపు చుక్కలు రాలాలి. రాకపోతే పూడుకున్నట్టు. గొట్టం శుభ్రం చేయడానికి గాలి ప్రెషర్ కొట్టకండి, లోపల జాయింటు ఊడిపోతుంది. స్కూటర్ బ్రేకు కేబుల్ లోపలి తీగ లాంటి మెత్తటి తీగ చాలు.

ఇక ఎయిర్ సస్పెన్షన్. డెల్టాలో క్యూ7 కొన్నవాళ్ల డబ్బు ఎక్కువగా తినేది ఇదే. బండికి స్ప్రింగుల బదులు నాలుగు మూలలా గాలి నింపిన రబ్బరు బెలోలు ఉంటాయి. వయసు మీద పడ్డ రబ్బరు మడత దగ్గర వెంట్రుకంత పగులుతుంది. గాలి కొంచెం కొంచెంగా పోతుంది. సాయంత్రం నిలబెట్టిన బండి పొద్దున ఒక మూల కుంగి ఉంటే అదే. చాలామంది ఇక్కడ ఆపేస్తారు: స్టార్ట్ చేస్తే లేస్తోంది కదా, పర్లేదులే అని. లేపుతున్నది కంప్రెసర్. కాసేపు పని చేయాల్సింది చాలాసేపు చేస్తుంది, వేడెక్కి కాలిపోతుంది, దాని రిలే అతుక్కుపోతుంది. అప్పుడు బెలోకి అయ్యే ఖర్చుకి కంప్రెసర్ ఖర్చు తోడవుతుంది. కాబట్టి కంప్రెసర్ పోయిందని కొత్తది వేసే ముందు లీకు ఎక్కడుందో పట్టాలి. పైపు జాయింట్ల మీద, బెలో పైభాగంలో సబ్బునీళ్లు కొడితే బుడగలు వస్తాయి. లీకు సరిచేయకుండా వేసిన కొత్త కంప్రెసర్ కూడా అదే దారి పడుతుంది. ఒక బెలో పోతే అదే యాక్సిల్ మీది రెండోది కూడా మార్చడం మంచిది, వయసు ఒకటే కనుక.

కొనే ముందు అమ్మేవాళ్లని బండి రాత్రంతా చదునైన చోట కదపకుండా ఉంచమనండి. పొద్దున స్టార్ట్ చేయకముందే నాలుగు చక్రాల మధ్య బిందువు నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. ముందు రెండూ ఒకదానికొకటి, వెనక రెండూ ఒకదానికొకటి దాదాపు సమానంగా రావాలి. "మీరొస్తారని ముందే స్టార్ట్ చేసి ఉంచానండీ" అంటే ఇంకోరోజు రండి.

పంక్చర్ దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. జాకీ పెట్టే ముందు స్క్రీన్ మెనూలో కార్ అనే చోటికి వెళ్లి జాక్ మోడ్ ఆన్ చేయాలి. లేకపోతే చక్రం లేచిందని సెన్సర్లు గ్రహించి, బండి తన ఎత్తు తనే సర్దుకోవడానికి గాలి వదులుతుంది. రోడ్డు పక్క పంక్చర్ షాపు కుర్రాడికి ఇది తెలిసే అవకాశం లేదు, మీరే చెప్పాలి. చాలా బండ్లలో స్పేర్ టైరు కూడా మడిచిపెట్టినది, గాలి కొడితే గానీ ఆకారం రాదు. గాలి కొట్టే చిన్న పంపు డిక్కీలో ఉందో లేదో చూసుకోండి. టైరు సైజు కూడా చూడాలి. 275/45 ఆర్20 చూపుకి బాగుంటుంది, గుంతల రోడ్డుకి పనికిరాదు. 255/55 ఆర్18 వేస్తే పక్క గోడ ఎత్తుగా ఉండి రిమ్ము బతుకుతుంది.

ఇంజిన్ 2,967 సీసీ వీ6 టీడీఐ. మొదట్లో 233 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు. తర్వాత 240, 550. దాని తర్వాతది 245. ఆయిల్ సరిగ్గా మార్చిన ఇంజిన్ ఎంతకాలమైనా తిరుగుతుంది. మార్చనిది టైమింగ్ చైన్ దగ్గర దొరికిపోతుంది. ఈ ఇంజిన్లో చైన్లు ముందు వైపు లేవు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉన్నాయి. చైన్‌ని బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ అరిగితే దానికోసం ఇంజినో గేర్‌బాక్సో దించాలి. విడిభాగాల కంటే కూలి ఎక్కువ. పాత ఇంజిన్లలో నాలుగు చైన్లు, 245 హార్స్‌పవర్ దానిలో రెండే. దొరికితే అదే తీసుకోండి. దానితో ఎనిమిది గేర్ల గేర్‌బాక్స్ వస్తుంది. చైన్ పరీక్షకి పొద్దున చల్లటి ఇంజిన్ కావాలి. స్టార్ట్ కాగానే బానెట్ వెనక వైపు నుంచి గలగలమని రెండు మూడు సెకన్లు వినిపించి ఆగితే టెన్షనర్ మొదలైంది. ఆగకపోతే బేరం వద్దు.

ఆయిల్ సుమారు 8 లీటర్లు పడుతుంది. 5డబ్ల్యూ-30, ఫోక్స్‌వాగన్ 507.00 ప్రమాణం ఉన్నదే పోయాలి. కంపెనీ చెప్పే దూరం ఏదైనా, మన వేడికీ తేమకీ 10,000 కిలోమీటర్లకి మార్చేయడం మంచిది. గేర్‌బాక్స్ జపాన్ అయిసిన్ తయారీ, మొండిది. దాని ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదన్న మాట నమ్మకండి. 60,000 నుంచి 80,000 కిలోమీటర్ల మధ్య మార్చినదానికి, మార్చనిదానికి తేడా రెండో గేరు పడేటప్పుడే తెలుస్తుంది. పి2015 అని కోడ్ వస్తే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో రెక్కలు తిప్పే ప్లాస్టిక్ చెయ్యి అరిగింది. వర్క్‌షాప్ మొత్తం మానిఫోల్డ్ మార్చాలంటుంది. మెటల్ బ్రాకెట్‌తో సరిచేసేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు, ముందు వాళ్లని అడగండి. పొగలోని మసిని పట్టే పార్టికిల్ ఫిల్టర్ ఉన్న బండిని పాలకొల్లు నుంచి భీమవరం వరకే రోజూ తిప్పితే అది కాలి శుభ్రపడే అవకాశం ఉండదు. వారానికోసారి హైవే మీద ఏకబిగిన అరగంట నడపాలి.

మైలేజీ ఊళ్లో 7-8, హైవే మీద 10-11 అనుకుని లెక్క వేసుకోండి. ట్యాంకు 100 లీటర్లు, నింపించేటప్పుడు గుండె గట్టిగా ఉండాలి. ఇదే బండిలో 6 లీటర్ల వీ12 డీజిల్ కూడా చేశారు, 500 హార్స్‌పవర్, 1,000 న్యూటన్ మీటర్లు. ఎవరికోసం చేశారో ఆ కంపెనీకే తెలియాలి.

చెరువుల మధ్య తిరిగే బండికి ఉప్పు దెబ్బ తగులుతుంది. బాడీకి జింక్ పూత బాగుంది, పైకి తుప్పు కనిపించదు. పోయేది కింద: బ్రాకెట్లు, కనెక్టర్ల పిన్నులు, ఎయిర్ పైపుల జాయింట్లు. పార్కింగ్ బ్రేకు కాలితో తొక్కేది. దాని షూలు వెనక డిస్కు లోపల చిన్న డ్రమ్ములో ఉంటాయి. ఉప్పు తేమలో నాలుగు రోజులు బ్రేకు వేసి వదిలేస్తే పట్టేస్తాయి. ఇంటి దగ్గర పార్క్‌లో పెట్టి వదిలేయడం నయం, నేల చదునుగా ఉంటే. అంతర్వేది బీచ్‌కి వెళ్లొచ్చినా, చెరువు గట్టు మీద తిరిగొచ్చినా అడుగు భాగానికి మంచినీళ్లు కొట్టించండి. డిక్కీ తలుపు పైన మడత దగ్గర వైర్లు తెగడం కూడా మామూలే. నంబర్ ప్లేటు లైటు, వెనక వైపర్ ఒకేసారి పోతే అక్కడ చూడాలి. వెనక సీట్లు మడిస్తే 2,035 లీటర్ల చోటు వస్తుంది. అందులో రొయ్యల మేత బస్తాలు వేసేవాళ్లున్నారు. ఆ వాసన ఏసీలో పడితే అమ్మేటప్పుడు దాచలేరు.

మునిగిన బండి కాదని తేల్చుకోవడం చివరిగా, కానీ తప్పకుండా. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగాయి. అలాంటి బండి ఇక్కడికి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. సీటు బెల్టు చివరిదాకా లాగితే అడుగున బురద గీత ఉంటుంది, ఎంత కడిగినా పోదు. ముందు సీటు ముందుకి జరిపి బ్యాటరీ ట్రే చూడండి, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు చూడండి. మూడో వరుస సీటు మడిచే గుంటలో వేలు పెడితే ఒండ్రు తగులుతుందేమో చూడండి. ముందు, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ కొద్దిగా తీయించండి. పాలరంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. కంపెనీ స్కానరో దానికి సమానమైనదో పెట్టించి అన్ని మాడ్యూళ్లూ చదివించాలి. చవక స్కానర్ ఇంజిన్ కోడ్‌లు తప్ప సస్పెన్షన్‌వి చూపించదు. డెల్టాలో కంపెనీ వర్క్‌షాప్ లేదు కాబట్టి ఈ పని పెద్ద నగరంలోనే చేయించుకోవాలి. బండి ధరలో నాలుగో వంతు మొదటి ఏడాది రిపేర్లకి పక్కన పెట్టుకోలేకపోతే ఇన్నోవాయే కొనుక్కోండి, అందులో చిన్నతనం లేదు.

కాగితాల్లో ముందు రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. 15 ఏళ్లు దాటితే ఆర్‌సీ రెన్యువల్, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ కొన్నవాళ్ల మీదే పడతాయి. తెలంగాణ నంబరు బండైతే అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఏపీలో బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఫారం 29, 30 మీద అమ్మినవాళ్ల సంతకాలతో పేరు మార్చుకోవాలి. ఫైనాన్స్ ఉంటే హైపోథికేషన్ తీసేసినట్టు బ్యాంకు ఇచ్చే ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.